కౌబాయ్స్ సీజన్ల పుస్తకం రాస్తున్నాను, రోస్టర్‌లో (ఆటగాళ్ల జాబితాలో) ఎవరెవరి పేర్లు పెట్టాలి?

అనంతపురం మేనమామ:

అందరికీ నమస్కారం. అమెరికన్ ఫుట్‌బాల్ తెలిసినవాళ్లు ఉంటే కాస్త ఓపిగ్గా చదివి చెప్పండి, పోస్టు కొంచెం పెద్దదే.

మాది అనంతపురం. మా అక్క వాళ్లు టెక్సాస్‌లో ఫ్రిస్కోలో ఉంటారు. మేనల్లుడికి పన్నెండో ఏడు. డల్లాస్ కౌబాయ్స్ టీమ్ ఆఫీసు, ప్రాక్టీస్ గ్రౌండు వాళ్ల ఊళ్లోనే ఉన్నాయి, ఇక చెప్పేదేముంది, లేచింది మొదలు పడుకునేదాకా వాడికి ఆ టీమే లోకం. పోయిన వేసవిలో ఇక్కడికి వచ్చినప్పుడు ఒక లాంగ్ నోట్‌బుక్ వెంట తెచ్చాడు. పేజీకి ఒక సీజన్. పైన సంవత్సరం, దాని కింద ఎర్ర ఇంకుతో గెలుపు, ఓటమి, టై అంకెలు, ఆ కింద రెండు వరసల్లో ఆటగాళ్ల పేర్లు, పేరుకు ఎడమ పక్క జెర్సీ నంబరు. 1960 నుంచి 1985 దాకా రాసేశాడు. నెల రోజులు సాయంత్రం పూట మిద్దె మీద చాప వేసుకుని ఇద్దరికీ అదే పని, వాడు పేర్లు రాస్తుంటే నేను స్కేలు పెట్టి గీతలు కొట్టేవాణ్ని. వెళ్లే రోజు బెంగళూరు ఎయిర్‌పోర్టులో ఆ పుస్తకం నా చేతిలో పెట్టి "మామా, 1986 నుంచి నువ్వు రాయి, నేను మళ్లీ వచ్చేసరికి అయిపోవాలి" అన్నాడు.

రాత్రి అంగడి మూసి వచ్చాక రోజూ ఒక గంట దాని ముందే కూర్చుంటున్నాను. 1986 అయింది, 7 గెలుపులు 9 ఓటములు. 1987 దగ్గర ఆగిపోయాను.

నా చిక్కులు చెప్తాను. ఒకటి సంవత్సరం. ఒకచోట 1995 సీజన్ విజేత అని ఉంటుంది, ఇంకోచోట 1996 జనవరిలో గెలిచారని ఉంటుంది, ఏ పేజీలో రాయాలి? రెండు, పేర్లు. ఒకచోట 90 మంది అంటారు, ఒకచోట 53, మ్యాచ్ రోజు 48. వాడి పాత పేజీల్లో ఇంతమంది లేరు. 1987కి వచ్చేసరికి పేర్లు పేజీలో పట్టడమే లేదు, పైగా ఆ ఏడు 15 మ్యాచ్‌లే కనిపిస్తున్నాయి, ముందు వెనుక ఏళ్లలో 16 ఉన్నాయి. మూడోది అసలైనది. 1989లో ఒక్క గెలుపు, 15 ఓటములు. అక్కడినుంచి 1992లో కప్పు, 1993లో కప్పు, 1995లో మళ్లీ కప్పు. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఒక్కటీ లేదు. మూడేళ్లలో అట్లా లేచిన టీమ్ మళ్లీ ఎందుకు లేవలేదు? ఈ మాట వాడితో నిమ్మళంగా కూర్చుని మాట్లాడాలని ఉంది, అందుకే అడుగుతున్నాను.


ప్రొద్దుటూరు టు ఇర్వింగ్:

అన్నా, మీ పోస్టు చదివి చాలా సంతోషం వేసింది. నేను 2007లో ఇర్వింగ్ వచ్చాను, అప్పటినుంచి ఈ టీమ్‌తోనే బతుకుతున్నాను.

సంవత్సరం సంగతి తేలిక. సీజన్ సెప్టెంబర్‌లో మొదలవుతుంది, ప్లేఆఫ్స్, అంటే ఓడితే ఇంటికే అనే నాకౌట్ మ్యాచ్‌లు, జనవరిలో, కప్పు తేల్చే ఫైనల్ సూపర్ బౌల్ ఒకప్పుడు జనవరిలో జరిగేది, ఇప్పుడు ఫిబ్రవరిలో. కానీ ఎప్పుడు మొదలైందో ఆ ఏడు పేరే సీజన్‌కు ఉంటుంది. మన దగ్గర అక్టోబర్, నవంబర్‌లో వేసిన పప్పుశెనగ జనవరి దాటాక కోసినా అది ఆ ఏడు రబీ పంటే కదా, అట్లాగే. పిట్స్‌బర్గ్ మీద 27-17తో గెలిచింది 1996 జనవరి 28న, రాయాల్సింది 1995 పేజీలో. కప్పు గుర్తు పెట్టాల్సిన పేజీలు మొత్తం ఐదు: 1971, 1977, 1992, 1993, 1995.

ఇక పేర్లు. జులైలో ట్రైనింగ్ క్యాంప్‌కు 90 మంది దాకా వస్తారు. ఆగస్టు చివర ఒక్క రోజు గడువు పెట్టి ఆ 90ని 53కి దించుతారు, లీగ్‌లో ఉన్న 32 టీములూ అదే సమయానికి. ఆ రోజు చూడాలన్నా, వెయ్యి మందికి పైగా కుర్రాళ్లు ఒకేసారి ఉద్యోగం పోయి ఫోన్ పట్టుకుని కూర్చుంటారు. వాళ్లలో కొందరిని మరుసటి రోజే ప్రాక్టీస్ స్క్వాడ్‌లోకి తీసుకుంటారు, అక్కడ 16 మందికి చోటుంది. మ్యాచ్ రోజు డ్రెస్ వేసుకునేది 48 మంది, అదీ వాళ్లలో కనీసం 8 మంది అఫెన్సివ్ లైన్‌మెన్ (బంతి ఉన్నవాడికి అడ్డుగోడలా నిలబడేవాళ్లు) ఉంటేనే, లేకపోతే 47. ప్రాక్టీస్ స్క్వాడ్ నుంచి ఒక్కో మ్యాచ్‌కు ఇద్దరిని పైకి తెచ్చుకోవచ్చు. దెబ్బ తగిలినవాళ్లు ఇంజూర్డ్ రిజర్వ్‌లోకి వెళ్తారు, వాళ్ల చోటులోకి ఇంకొకరు వస్తారు. అందుకే సీజన్ మొదట్లో ఉన్న 53 పేర్లు, చివర్లో ఉండే 53 పేర్లు ఎప్పుడూ ఒకటి కావు. 1980ల్లో లిస్టు ఇంకా చిన్నది, 50 లోపే. మీవాడి పేజీల్లో పేర్లు తక్కువ ఉండడం సరైనదే.

నా మాట వింటే ఒక పద్ధతి పెట్టుకోండి. ఆ సీజన్‌లో ఒక్క మ్యాచ్ అయినా ఆడినవాళ్ల పేర్లన్నీ రాయండి, పక్కన ఎన్ని మ్యాచ్‌లో ఆ అంకె వేయండి. ఇంకొక వరస కూడా గీయండి, అది చాలా ముఖ్యం, ఆ ఆటగాడు ఎట్లా వచ్చాడు అన్నది. డ్రాఫ్ట్‌లోనా (కాలేజీ ఆటగాళ్లను టీములు వంతులవారీగా రౌండ్లు రౌండ్లుగా ఎంచుకోవడం), ఎన్నో రౌండ్, ట్రేడ్‌లోనా (టీముల మధ్య మార్పిడి), ఎవరూ తీసుకోకపోతే ఊరికే వచ్చి చేరాడా. ఆ వరస లేకపోతే సీజన్ల పుస్తకం ఉత్త అంకెలుగా మిగిలిపోతుంది.

ఎందుకంటున్నానంటే మీవాడు రాసిన 1964 పేజీ తీయండి. 5 గెలుపులు, 8 ఓటములు, 1 టై. చూడగానే దండగ సంవత్సరం అనిపిస్తుంది. కానీ ఆ ఏడు డ్రాఫ్ట్ చూడండి. రెండో రౌండ్‌లో మెల్ రెన్‌ఫ్రో. ఏడో రౌండ్‌లో బాబ్ హేయ్స్, అదే ఏడు టోక్యో ఒలింపిక్స్‌లో 100 మీటర్ల స్వర్ణం గెలిచినవాడు. పదో రౌండ్‌లో రోజర్ స్టాబాక్, నేవీలో చదువుతున్న కుర్రాడు, సర్వీసు చేయాలి కాబట్టి వెంటనే రాలేడని తెలిసీ తీసుకున్నారు. వియత్నాంలో కూడా పనిచేసి 1969లో, 27 ఏళ్ల వయసులో టీమ్‌లో చేరాడు. ఆ ముగ్గురూ ఇప్పుడు హాల్ ఆఫ్ ఫేమ్‌లో, అంటే ఈ ఆటలో గొప్పవాళ్ల గౌరవ జాబితాలో, ఉన్నారు. 1971 కప్పు, 1977 కప్పు స్టాబాక్ క్వార్టర్‌బ్యాక్‌గా (బంతి విసిరి ఆట నడిపేవాడు) గెలిచినవే. ఆ రెండు పేజీల విత్తనం 1964 పేజీలో పడింది. అప్పటికి టామ్ లాండ్రీ కోచ్‌గా వచ్చి నాలుగు సీజన్లు, ఒక్కదాంట్లోనూ ఓటముల కంటే గెలుపులు ఎక్కువ లేవు, అయినా యజమాని మర్చిసన్ ఆయనకు ఇంకో పదేళ్ల కాంట్రాక్టు ఇచ్చాడు. 1966 నుంచి 1985 దాకా వరసగా 20 సీజన్లు ఓటముల కంటే గెలుపులే ఎక్కువ. మీవాడు సరిగ్గా ఆ గీత దగ్గరే ఆపి పుస్తకం మీకు ఇచ్చాడన్నమాట.


కర్నూలు బురుజు:

మూడో ప్రశ్నలో మొదటి సగానికి నేను చెప్తాను, ఎందుకంటే 1989 నుంచి 1992 దాకా ఆ టీమ్ చేసింది నేను చదివిన ఆటల చరిత్రలోకెల్లా నాకు నచ్చిన పని.

1989 ఫిబ్రవరిలో జెర్రీ జోన్స్ టీమ్ కొన్నాడు. కొన్న రోజే 29 సీజన్లు కోచ్‌గా ఉన్న లాండ్రీని తీసేసి, జిమ్మీ జాన్సన్‌ను తెచ్చాడు. ఊరంతా తిట్టింది. లాండ్రీని పంపిన తీరు నాకు ఈ రోజుకీ మింగుడు పడదు, అంతకాలం చేసినాయనకు దక్కాల్సిన మర్యాద అది కాదు. కానీ తర్వాత జరిగింది జరిగినట్టు చెప్పాలి. డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ (ఎంచుకునే వంతు) వాళ్లదే, ట్రాయ్ ఐక్‌మన్‌ను తీసుకున్నారు. ఐక్‌మన్ ఆ ఏడు 11 మ్యాచ్‌ల్లో మొదటినుంచీ క్వార్టర్‌బ్యాక్‌గా దిగాడు, 11 ఓడిపోయాడు. ఉన్న ఒక్క గెలుపు వాషింగ్టన్ మీద 13-3, అందులోనూ క్వార్టర్‌బ్యాక్ స్టీవ్ వాల్ష్, ఐక్‌మన్ దెబ్బ తగిలి బయట కూర్చున్నాడు. అంటే హాల్ ఆఫ్ ఫేమ్‌కు వెళ్లిన మనిషికి మొదటి సీజన్‌లో ఒక్క గెలుపు కూడా లేదు. పేజీలో ఆ 0-11 తప్పకుండా రాయండన్నా, పిల్లాడు చూడాలి.

ఆ టీమ్‌లో అప్పుడు బాగా ఆడే మనిషంటే ఒక్కడే, బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ హెర్షెల్ వాకర్. అక్టోబర్‌లో, సీజన్ నడుస్తుండగానే, అతణ్ని మిన్నెసోటా టీమ్‌కు ఇచ్చేశారు. బదులుగా ఐదుగురు ఆటగాళ్లు వచ్చారు, వాళ్ల వెనుక డ్రాఫ్ట్ పిక్స్ వచ్చాయి. కిటుకు ఎక్కడుందంటే, ఆ ఆటగాళ్లలో ఎవరినైనా డల్లాస్ వదిలేస్తే ఆ మనిషికి ముడిపెట్టిన పిక్ డల్లాస్‌కు దక్కుతుంది. మిన్నెసోటా వాళ్లు ఆటగాళ్లను ఇచ్చామనుకున్నారు, జాన్సన్ కన్ను మొదటినుంచీ పిక్స్ మీదే. ఇది ఎట్లాగంటే, సేద్యం నడుస్తుండగా ఉన్న ఒక్క కాడెద్దుల జత అమ్మి రాబోయే మూడేళ్లకు సరిపడా విత్తనం కొనుక్కోవడం. ఆ ఏడు పంట పోతుందని తెలిసే చేశాడు. పోయింది కూడా, 1-15.

1990లో ఆ మిన్నెసోటా పిక్ పట్టుకుని, పిట్స్‌బర్గ్‌తో మాట్లాడుకుని 21 నుంచి 17కు జరిగి, ఎమిట్ స్మిత్‌ను తీసుకున్నారు. విసిరిన బంతి పట్టే వైడ్ రిసీవర్ మైకేల్ ఇర్విన్ 1988లోనే వచ్చి ఉన్నాడు, అతణ్ని లాండ్రీ కాలంలోనే తీసుకున్నారు, అది మర్చిపోకూడదు. డిఫెన్స్‌లో డారెన్ వుడ్‌సన్ కూడా ఈ ట్రేడ్ పిక్స్ వల్ల వచ్చినవాడే. గెలుపు-ఓటములు వరసగా చూడండి: 1-15, 7-9, 11-5, 13-3. 1992లో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఛార్లెస్ హేలీ వచ్చాడు, బఫెలో మీద 52-17, కప్పు. 1993లో ఎమిట్ స్మిత్ కాంట్రాక్టు తేలక మొదటి రెండు మ్యాచ్‌లు ఆడలేదు, రెండూ ఓడారు, అడిగింది ఇచ్చి పిలిపించుకున్నారు, మళ్లీ బఫెలో మీదే 30-13తో కప్పు. ఒక్క ఆటగాడి విలువ ఎంతో రెండు వారాల్లో తెలిసిపోయింది.

తర్వాత 1994 మార్చిలో యజమానికీ కోచ్‌కూ పడక జాన్సన్ వెళ్లిపోయాడు. రెండేళ్లలో రెండు కప్పులు తెచ్చిన మనిషి. నన్నడిగితే పతనం ఆ రోజే మొదలైంది, 1995 కప్పు జాన్సన్ కట్టిన ఇంట్లోకి కొత్త కోచ్ బ్యారీ స్విట్జర్ వచ్చి చేసుకున్న గృహప్రవేశం.


కడప పద్దులు:

బురుజు తమ్ముడు చెప్పింది సగం నిజం. నేను కడపలో అకౌంట్స్ పని చేస్తాను, మా వారి వల్ల ఈ ఆట అలవాటైంది, నాకు ఇందులో నచ్చేది ఆ లెక్కలే. కోచ్ వెళ్లడం కంటే పెద్ద కారణం 1993, 1994లో లీగ్ లెక్క మారడం.

అంతకుముందు కాంట్రాక్టు అయిపోయినా ఆటగాడు ఇంకో టీమ్‌కు తేలిగ్గా వెళ్లలేకపోయేవాడు. 1993లో ఆ స్వేచ్ఛ వచ్చింది. దాని వెంటే 1994లో సాలరీ క్యాప్ వచ్చింది, అంటే ఏ టీమ్ అయినా ఆటగాళ్ల మీద ఇంతకు మించి ఖర్చు చేయకూడదు. మొదటి ఏడు ఆ హద్దు 3.46 కోట్ల డాలర్లు. 2025కి 27.92 కోట్లు అయింది. ఇప్పుడు ఆలోచించండి, రెండు కప్పులు గెలిచిన టీమ్‌లో రెండో వరస ఆటగాడికి కూడా బయట గిరాకీ ఉంటుంది. అందరికీ పెంచి ఇవ్వలేరు, హద్దు ఉంది. స్టార్లను పెట్టుకున్నారు, మిగిలినవాళ్లు ఏటా కొందరు చొప్పున వెళ్లిపోయారు. పైన ఐక్‌మన్, స్మిత్, ఇర్విన్ పేర్లు ఎప్పటిలాగే ఉంటాయి, కింద 40 పేర్లు మారిపోతుంటాయి. అన్నా, మీరు 1992 పేజీ, 1997 పేజీ పక్కపక్కన పెట్టి చూడండి, నేను చెప్పేది కళ్లకు కనిపిస్తుంది. 1997లో 6-10.

ఇంకోటి సైనింగ్ బోనస్. 1995లో డియాన్ శాండర్స్‌ను ఏడేళ్లకు 3.5 కోట్ల డాలర్ల కాంట్రాక్టుతో తెచ్చారు, అందులో దాదాపు 1.3 కోట్లు సంతకం పెట్టగానే ఇచ్చే బోనస్. ఆ డబ్బు ఆటగాడి చేతికి ముందే వెళ్తుంది, కానీ క్యాప్ లెక్కలో కాంట్రాక్టు ఏళ్లకు పంచి రాస్తారు. ఈ ఏడు పద్దు చిన్నగా కనిపిస్తుంది, ముందు ముందు ఏళ్ల నెత్తిన పడుతుంది. మధ్యలో ఆ మనిషిని వదిలేస్తే రాయని భాగమంతా ఎదురు తిరుగుతుంది, దాన్ని డెడ్ మనీ అంటారు. ట్రాక్టర్ అమ్మేసినా కంతులు కట్టాల్సిందే, అంతే. తప్పు చేశారని అనను, ఆ ఏడు కప్పు గెలిచారు మరి. కానీ దాని ఖర్చు తర్వాతి పేజీల్లో ఉంది.

వయసు కూడా వాళ్ల కోసం ఆగలేదు. ఇర్విన్ 1999లో ఫిలడెల్ఫియాలో మెడకు దెబ్బ తగిలి మళ్లీ ఆడలేదు. ఐక్‌మన్ ఆఖరి మ్యాచ్ 2000 డిసెంబర్, తలకు దెబ్బ. ఎమిట్ స్మిత్ లీగ్ మొత్తంలో పరుగు గజాల రికార్డు 2002 అక్టోబర్ 27న దాటాడు, సొంత మైదానంలో, సియాటిల్ మీద. ఆ మ్యాచ్ కూడా ఓడిపోయారు, ఆ సీజన్ 5-11. 2000, 2001, 2002 మూడేళ్లూ అదే 5-11. ఆ మూడు పేజీలు రాసేటప్పుడు నాకైతే చెయ్యి బరువెక్కుతుంది.


గుత్తి కోట:

అక్కా, మీ లెక్క ఒప్పుకుంటాను, కానీ క్యాప్ అందరికీ ఒకటే. అదే హద్దులో న్యూ ఇంగ్లండ్ ఆరు కప్పులు గెలిచింది. 1994 తర్వాత ముప్పై ఏళ్లు దాటింది, ఇంకా దాన్నే కారణం అంటే నేను ఒప్పుకోను.

నేను 2016 నుంచి చూస్తున్నాను, ఇంజనీరింగ్ హాస్టల్లో మొదలైంది. వాళ్ల మధ్యాహ్నం పన్నెండు మ్యాచ్ అంటే మనకు రాత్రి పదిన్నర, నవంబర్‌లో వాళ్ల గడియారం మారాక పదకొండున్నర. గురువారం వచ్చే వాళ్ల థాంక్స్‌గివింగ్ పండగ మ్యాచ్ మనకు శుక్రవారం తెల్లవారుజామున మూడింటికి. ఇన్ని రాత్రులు మేలుకున్నాను కాబట్టి చెప్తున్నాను, టీమ్ చెడ్డది కాదు. ప్లేఆఫ్స్‌లో నిలబడదు. 1996 సీజన్ నుంచి ఇప్పటిదాకా ప్లేఆఫ్స్‌లో గెలిచినవి ఐదే మ్యాచ్‌లు, సూపర్ బౌల్‌కు ముందు మెట్టు అయిన కాన్ఫరెన్స్ ఫైనల్‌కు ఒక్కసారీ చేరలేదు.

రోస్టర్ మంచిదే ఉన్న ఏళ్లు చూడండి. 2006లో టోనీ రోమో, ఏ రౌండ్‌లోనూ ఎవరూ తీసుకోని ఆటగాడు, 2003లో ఊరికే వచ్చి చేరి క్వార్టర్‌బ్యాక్ అయ్యాడు. సియాటిల్‌లో ప్లేఆఫ్ మ్యాచ్, ఒక్క పాయింట్ వెనుక ఉన్నారు, 19 గజాల కిక్, రోమో బంతిని నిలబెట్టాలి. బంతి చేతుల్లోంచి జారింది. తీసుకుని ఎడమ వైపు పరిగెత్తాడు, గోల్ గీతకు రెండు గజాల దూరంలో వెనుక నుంచి పట్టేశారు. 21-20. 2014లో 12-4, డిమార్కో ముర్రే ఆ ఒక్క సీజన్‌లో 1,845 గజాలు పరిగెత్తాడు. గ్రీన్ బేలో డెజ్ బ్రయంట్ గాల్లోకి లేచి పట్టిన బంతిని ముందు క్యాచ్ అన్నారు, వీడియో చూసి కాదన్నారు, 26-21తో ఓడారు. 2018లో ఆ క్యాచ్ రూలే మార్చారు. నాలుగేళ్లు ముందు మార్చి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటాను.

2016 నేను మొదటిసారి చూసిన సీజన్. నాలుగో రౌండ్‌లో వచ్చిన డాక్ ప్రెస్కాట్, మొదటి రౌండ్‌లో వచ్చిన ఎజికీల్ ఎలియట్, ఇద్దరూ కొత్త కుర్రాళ్లు, 13-3. సొంత మైదానంలో గ్రీన్ బే ఆఖరి క్షణంలో 51 గజాల కిక్ కొట్టి 34-31తో పంపించేసింది. తర్వాత 2021, 2022, 2023 మూడేళ్లు వరసగా 12-5. 2023లో అయితే ఏడో సీడ్‌గా, అంటే తమ వైపు టీముల్లో ఆఖరి స్థానంతో, ప్లేఆఫ్స్‌కు వచ్చిన గ్రీన్ బే చేతిలో ఇంట్లోనే 48-32. అంతకుముందు ఆ సీజన్‌లో సొంత మైదానంలో ఒక్క మ్యాచ్ ఓడలేదు. ఇందులో క్యాప్ తప్పేముంది? యజమానే జనరల్ మేనేజర్‌గా (ఆటగాళ్లను ఎంచే పెద్ద) కూర్చుని 1989 నుంచి ఆ కుర్చీ ఎవరికీ ఇవ్వలేదు. నా దృష్టిలో కారణం అదే. 2025 ఆగస్టులో మైకా పార్సన్స్‌ను, అంత గొప్ప డిఫెండర్‌ను, అదే గ్రీన్ బేకు ఇచ్చేశారు, కెన్నీ క్లార్క్, రెండు మొదటి రౌండ్ పిక్స్ తీసుకుని. వాకర్ ట్రేడ్ లాంటిదే అవుతుందని కొందరంటున్నారు. వాకర్‌ను అమ్మినప్పుడు ఆ పిక్స్‌ను వాడుకున్నవాడు జాన్సన్, ఆ తేడా చూడాలి.


కడప పద్దులు:

తమ్ముడూ, క్యాప్ అందరికీ ఒకటే అన్నది నిజమే. నేను చెప్పింది 1995 నుంచి 2002 దాకా జరిగినదానికి కారణం. 2006 తర్వాతది నువ్వు చెప్పినట్టే ఉంది, దానికి నా దగ్గర వేరే జవాబు లేదు. యజమాని సంగతి కూడా ఒప్పుకుంటాను.


అనంతపురం మేనమామ:

అందరికీ చేతులెత్తి నమస్కారం. నిన్న రాత్రి 1964 పేజీ తీసి చూశాను. వాడు రెన్‌ఫ్రో పేరు రాశాడు, ఆ ఏడే ఆడినట్టున్నాడు. హేయ్స్ 1965 పేజీలో ఉన్నాడు, స్టాబాక్ 1969లో. పేజీ అడుగున పెన్సిల్‌తో ఆ డ్రాఫ్ట్ గురించి రాశాను, వాడు వచ్చాక ఇంకుతో దిద్దుకుంటాడు.

1987 గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు. కెవిన్ స్వీనీ అని క్వార్టర్‌బ్యాక్ పేరు కనిపిస్తోంది, ఇంకా నేను ముందు వెనుక ఎక్కడా చూడని పేర్లు చాలా ఉన్నాయి, మూడు మ్యాచ్‌లు, రెండు మ్యాచ్‌లు ఆడి పోయినవాళ్లు. వీళ్లను రాయాలా వద్దా?


ప్రొద్దుటూరు టు ఇర్వింగ్:

క్షమించండన్నా, అది చెప్పడం మర్చిపోయాను. 1987లో ఆటగాళ్లు సమ్మె చేశారు. కడప అక్క చెప్పిన ఆ స్వేచ్ఛ కోసమే, కాంట్రాక్టు అయ్యాక నచ్చిన టీమ్‌కు వెళ్లనివ్వండి అని. రెండు వారాలు ఆడాక ఆపేశారు. మూడో వారం మ్యాచ్‌లు రద్దు, అందుకే మీకు 15 కనిపిస్తున్నాయి. తర్వాత మూడు వారాలు యజమానులు బయటనుంచి మనుషుల్ని తెచ్చి ఆడించారు. అంతకుముందు క్యాంపుల్లో తీసేసినవాళ్లు, వేరే పని చేసుకుంటున్నవాళ్లు, ఎప్పటికైనా ఒక్క మ్యాచ్ ఆడాలని కలగన్నవాళ్లు. కౌబాయ్స్‌లో అసలు ఆటగాళ్లు కూడా కొందరు గీత దాటి, అంటే సమ్మె వదిలి, ఆడటానికి వచ్చేశారు, డానీ వైట్, రాండీ వైట్, టోనీ డోర్సెట్ లాంటివాళ్లు.

ఆ మూడు మ్యాచ్‌ల్లో డల్లాస్ న్యూయార్క్ జెట్స్ మీద 38-24, ఫిలడెల్ఫియా మీద 41-22 గెలిచింది. స్వీనీ అప్పటివాడే. మూడోది వాషింగ్టన్‌తో, సోమవారం రాత్రి. వాషింగ్టన్‌లో అసలు ఆటగాడు ఒక్కడు కూడా గీత దాటలేదు, మొత్తం బదులు వచ్చినవాళ్లే. ఇటు డల్లాస్‌లో పేరున్నవాళ్లు ఉన్నారు. వాషింగ్టన్ 13-7తో గెలిచింది. ఆ సీజన్ కప్పు కూడా వాషింగ్టన్‌దే. ఆ మూడు వారాలూ వాషింగ్టన్‌ను గెలిపించిన బదులు ఆటగాళ్లకు కప్పు గెలిచినవాళ్లకిచ్చే ఉంగరాలు అప్పుడు ఇవ్వలేదు, 2018లో ఇచ్చారు, ముప్పై ఏళ్లు దాటాక.

రాయాలా వద్దా అంటే నేను రాస్తానన్నా. స్కోరు లెక్కలో ఆ మూడు మ్యాచ్‌లూ ఉన్నాయి, 7-8లో రెండు గెలుపులు వాళ్లవే. గెలుపు రాసి గెలిపించినవాళ్ల పేర్లు వదిలేయడం ధర్మం కాదు.


కర్నూలు బురుజు:

నేనూ అదే అంటాను. కాకపోతే వేరే ఇంకుతో రాయండి, సమ్మెలో నిలబడ్డవాళ్ల మీద కూడా నాకు గౌరవం ఉంది, ఆరేళ్ల తర్వాత 1993లో వచ్చిన హక్కుకు వాళ్లు అప్పుడు జీతం పోగొట్టుకున్నారు. రెండూ కలిపేయకూడదు.


అనంతపురం మేనమామ:

అట్లాగే చేశాను. 1987 పేజీకి పక్కన తెల్ల కాగితం ఒకటి జిగురుతో అంటించాను. అసలు పేజీలో నల్ల ఇంకు, అంటించిన కాగితం మీద ఆకుపచ్చ ఇంకు. గీత దాటిన డోర్సెట్, డానీ వైట్, రాండీ వైట్ పేర్లు రెండు వైపులా వచ్చాయి. రెండు రాత్రులు పట్టింది.

ఆదివారం పొద్దున వీడియో కాల్‌లో వాడికి చూపించాను. "ఆ గ్రీన్ పేర్లు ఎవరివి మామా?" అన్నాడు. మొత్తం చెప్పాను, జెట్స్ మ్యాచ్, సోమవారం వాషింగ్టన్ మ్యాచ్, ఉంగరాలు, అన్నీ. వాడికి ఆ సంగతి తెలియదు. కాసేపు మాట్లాడకుండా విని, ఫోన్ కెమెరా ఇంకా దగ్గరికి పెట్టమని ఒక్కో పేరు పైకి చదివాడు. వాళ్ల జెర్సీ నంబర్లు కొన్ని నాకు దొరకలేదు, అవి తాను వెతుకుతానన్నాడు.

రేపు 1988. 3 గెలుపులు, 13 ఓటములు, లాండ్రీ ఆఖరి సీజన్. మైకేల్ ఇర్విన్ పేరు, 88 నంబరు, మొదటి రౌండ్ పదకొండో పిక్ అని ఇప్పుడే రాసి పెట్టాను. వాడు అన్నాడు, అదే 88 ముందు డ్రూ పియర్సన్‌ది, తర్వాత డెజ్ బ్రయంట్‌ది, ఇప్పుడు సీడీ లాంబ్‌ది అని. ఆ నంబరు చుట్టూ ఎర్ర ఇంకుతో సున్న చుట్టమన్నాడు, చుట్టాను.